భాయ్ బీరువాలో నాలుగో నంబరు

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన మా పిన్ని కూతురు పోయిన వారం ఉత్తరం రాసింది. వాళ్ళ బ్లడ్ బ్యాంకుకు పరీక్ష సీసాలు వచ్చాయట. ఒక్క జవాబు తప్పినా ఆస్పత్రి పేరు పోతుందని అందరూ భయపెడుతున్నారట. "నీకెప్పుడైనా తప్పిందా అక్కా?" అని అడిగింది.

తప్పింది. ఒక్కసారే తప్పింది. అది తప్పని తెలిసే పంపాను.

ఆ సంగతి ఇన్‌లాండ్ కవరులో పట్టేది కాదు. ఆ బల్లల ముందు కొత్తగా నిలబడుతున్న ఆడపిల్లలందరికీ పనికొస్తుందేమోనని, మా పాప నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. మధ్యమధ్యలో లేచి దాని నుదురు తాకి చూసి వస్తుంటాను కాబట్టి, ఎక్కడైనా దారి తప్పితే సర్దుకుని చదవండి.

నేను ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయింది. అంతకుముందు ఆరేళ్ళు మదనపల్లెలో ఒక ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేశాను. చెప్పబోయేది మొదటి ఏడాది సంగతి, అంటే ఎనభైల మొదట్లోది. అప్పటికి నాది తాత్కాలిక ఉద్యోగం. ఏడాది నిండాక పని నచ్చితే పర్మనెంట్ ఆర్డరు ఇస్తారు, నచ్చకపోతే ఇంటికి పంపిస్తారు.

మావి రెండు గదులు. పెద్ద టెక్నీషియన్‌ను అందరం భాయ్ అనేవాళ్ళం. పాతికేళ్ళ అనుభవం. ఇంట్లో ఉర్దూ, ల్యాబులో తెలుగు, కోపం వస్తే రెండూ. గాజు సామాను కడిగి, ఆవిరిలో పెట్టి, పరీక్షకు కావలసిన రసం కాచేది ఆయమ్మ. ఆ ఏడే ఆస్పత్రి వంటింటి నుంచి మా దగ్గరికి మారింది. మా అందరి మీదా అధికారి డాక్టరమ్మ. ఆవిడా వచ్చి నాలుగు నెలలే.

పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. రక్తం తీసేటప్పుడు ఇచ్చేవాళ్ళ చర్మం మీదో, మన చేతుల మీదో, సూది మీదో ఉన్న బ్యాక్టీరియా బాటిల్లోకి దిగవచ్చు. అలాంటి రక్తం ఎక్కిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకని తీసేటప్పుడే పక్కన చిన్న సీసాలోకి కాస్త రక్తం పట్టి, తర్వాత దాన్ని రెండు గాజు గొట్టాల్లోని రసంలో కలుపుతాం. ఈ రసాన్ని భాయ్ షోర్వా అనేవాడు, ఆయమ్మ చారు అనేది. ఒక గొట్టాన్ని ఒంటి వేడి ఉండే ఇంక్యుబేటర్ పెట్టెలో పెడతాం. రెండోదాన్ని బయట, కిటికీ పక్కన స్టాండులో, గది చల్లదనంలోనే ఉంచుతాం. ఏడు రోజుల దాకా రసం తేటగా ఉంటే మంచిది. మబ్బుపడితే అందులో బ్యాక్టీరియా పెరిగినట్టు. మా ల్యాబు భాషలో "తోడుకుంది" అనేవాళ్ళం, పాలు పెరుగైనట్టు.

రెండు గొట్టాలు ఎందుకంటే, బ్యాక్టీరియాలో ఎక్కువ జాతులు వెచ్చదనంలో పెరుగుతాయి గానీ, కొన్నిటికి వేడి గిట్టదు. అవి చల్లదనంలో పెరుగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన రక్తంలో కూడా పెరుగుతాయి. బ్లడ్ బ్యాంకు ఎక్కువగా భయపడాల్సింది వాటికే.

ఊరు దాటి పోయే బాటిళ్ళకు మా దగ్గర ఒక నియమం ఉండేది. ఏడు రోజులు నిండి రెండు గొట్టాలూ తేటగా ఉంటేనే చీటీ మీద సంతకం పెట్టాలి. పుంగనూరుకు పోయేవి అలాంటివే. కుప్పానికి పోయేవీ అంతే. కుప్పంలో ఒక చిన్న ఆస్పత్రి నడుపుతున్న డాక్టరు మునుపు మా దగ్గర పనిచేసినాయన. మా బాటిల్ అంటే ఆయనకు గురి. దగ్గర్లో వేరే బ్లడ్ బ్యాంకులున్నా మనిషిని ఐస్ పెట్టెతో మా దగ్గరికే పంపేవాడు.

ఇక పరీక్ష సీసాలు. ఏడాదికి రెండుసార్లు ఒక పెద్ద ఊరి మెడికల్ కాలేజీ నుంచి చెక్కపెట్టె వచ్చేది. అందులో నంబర్లు వేసిన ఆరు చిన్న సీసాలు. కొన్నిట్లో వాళ్ళే బ్యాక్టీరియా కలిపి పంపుతారు, కొన్ని శుభ్రమైనవి. ఏది ఏదో మనం కనిపెట్టి రాయాలి. తర్వాత మార్కులు వస్తాయి. మా ల్యాబు చూపు ఎంత బాగుందో తూచే పద్ధతి అది.

పెట్టె రాగానే భాయ్ "చుట్టాలొచ్చినారు" అని కేకేసేవాడు. పేరుకు తగ్గట్టే మర్యాదలు జరిగేవి. కొత్తగా రసం కాయించేవాడు. బల్ల మూడుసార్లు స్పిరిట్‌తో తుడిపించేవాడు. ఫ్యాను ఆపించి, తలుపులు మూయించి, అందరినీ బయటికి పంపి, ఒక్కో సీసాను తనే రెండేసి సార్లు పరీక్ష పెట్టేవాడు. బయట ఉంచాల్సిన గొట్టాలను కూడా స్టాండులో పెట్టకుండా, తన చెక్కబీరువాలో పెట్టి బీగం వేసుకునేవాడు. నేను రాకముందు నుంచీ ప్రతిసారీ ఆరుకు ఆరు వచ్చేవి.

ఆ చలికాలం పెట్టె వచ్చినప్పుడు ఈ మర్యాదలు మొదలవుతుండగా డాక్టరమ్మ నిలబడి చూసింది. "మన రోగుల బాటిళ్ళకు ఎవరు పరీక్ష పెడతారు?" అని అడిగింది.

"ఈ పాప పెడతాది," అన్నాడు భాయ్ నన్ను చూపించి.

"అయితే వీటికీ ఆ అమ్మాయే పెట్టాలి. మామూలు రోజు, మామూలు రసం, మామూలు స్టాండు."

భాయ్ ముఖం మాడిపోయింది. "చుట్టాలకు సద్దికూడు పెడతారా మేడం?"

"ఇంట్లోవాళ్ళు ఏం తింటున్నారో నాకు తెలియాలి," అంది డాక్టరమ్మ.

నేను పెట్టాను. పని తప్పు చేయలేదు. రోగుల గొట్టాల పక్కనే ఆ ఆరు నంబర్లవీ పెట్టి రోజూ చూశాను. రెండు, ఐదు తోడుకున్నాయి. మిగిలిన నాలుగూ తేటగానే ఉన్నాయి.

ఎనిమిదో రోజు జవాబులు పోస్టు చేయాలి. పొద్దున్నే భాయ్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇట్లా రా బేటీ. నాలుగో నంబరుకు ఏమి రాస్తాండావు?"

"క్లియర్ అని."

ఆయన బీరువా బీగం తీశాడు. లోపల వరసగా ఆరు గొట్టాలు. డాక్టరమ్మకు తెలియకుండా, నాకూ తెలియకుండా, మొదటి రోజే ప్రతి సీసాలోంచి చుక్క తీసి తన పద్ధతిలో పెట్టుకున్నాడు. రెండోది, ఐదోది నావాటి మాదిరే ఉన్నాయి. నాలుగోది మాత్రం మజ్జిగ నీళ్ళలా ఉంది. పైన లేత పచ్చని పొర.

"తోడుకునింది సూడు. నీకు యాల కనపడలేదో నాకు తెలీదు. పెన్సిల్‌తో రాసింది తుడిపేసి నాలుగు కూడా రాయి. నేను సెప్పినానని ఎవురికీ తెలీదు. వచ్చే నెల నీ ఆర్డరు కాగితం కదలాల. ఈ టైములో మచ్చ యాల?"

నా మీద జాలితోనే చెప్పాడు. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. బల్ల దగ్గరికి వచ్చి, క్లియర్ అన్నది తుడిపేసి, నాలుగుకు తోడుకున్నట్టు పెన్సిల్‌తో టిక్ పెట్టాను. పెన్నుతో దిద్దితే అయిపోతుంది. హాయిగా ఊపిరి తీసుకున్న మాట అబద్ధం కాదు.

పెన్ను తీసేలోగా, చీటీలు అందుకునే కిటికీ దగ్గర ఎవరో దగ్గారు.

నలభై ఏళ్ళ మనిషి, తలకు తువ్వాలు, చేతిలో ఐస్ పెట్టె. గుడుపల్లె పక్క పల్లె నుంచి వచ్చానన్నాడు. కుప్పం డాక్టరు చీటీ, భార్య రక్తం చిన్న సీసాలో తెచ్చాడు.

"రెండు బాటిళ్ళు ఇమ్మన్నాడమ్మా డాక్టరు. ఎల్లుండి నా ఇంటిదానికి ఆపరేషను. గెడ్డ ఉండాదంట, గర్భసంచి తీసేయాలంటాండారు. రగతం లేనిదే కత్తి పట్టనన్నాడు."

ఆమెది బి గ్రూపు. ఫ్రిజ్‌లో ఆ గ్రూపువి ఊరు దాటడానికి అర్హమైనవి సరిగ్గా రెండే బాటిళ్ళున్నాయి. ఆమె రక్తంతో కలిపి చూశాను, రెండూ సరిపోయాయి. రిజిస్టరు తీశాను. ఏడు రోజులు నిండాయి, రెండు గొట్టాలూ తేట. నేను సంతకం పెట్టడమే మిగిలింది.

అలవాటు కొద్దీ సంతకానికి ముందు స్టాండు వైపు చూశాను. ఆ బాటిళ్ళ గొట్టాలు, నా నాలుగో నంబరు గొట్టం ఒకే వరసలో, ఒకే తేటతో ఉన్నాయి. ఆ తేట మాట నాలుగో నంబరు విషయంలో అబద్ధమని గంట ముందే కళ్ళారా చూశాను. పక్కనున్న రెండిటి విషయంలో అది నిజం చెబుతోందని ఎలా నమ్మేది? నాలుగో నంబరుకు భాయ్ బీరువా ఉంది. ఈయన ఇంటిదానికి ఎవరున్నారు?

"కొంచెం ఉండప్పా," అన్నాను.

"ఉండేదానికి టైము లేదమ్మా. ఒంటిగంట బస్సు పోతే ఇంగ పలమనేరులోనే పండుకోవాల."

"ఈ బాటిళ్ళు నేను ఇయ్యలేను."

"అదేందమ్మా? ఉండాయని కదా ఇంత సేపూ రాస్తాంటివి."

"ఉండాయి. మంచివో కాదో నాకు తెలీదు."

"సీటీ అంటించినారు. ఫ్రిజ్‌లో పెట్టినారు. ఇంగ తెలీకపోయేదేంది?"

"సీటీ అంటించింది నేనే. అయినా తెలీదు."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "ఇదేం ఆస్పత్రిరా దేవుడా," అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నేను నా గొట్టం ఒక చేత్తో, భాయ్ గొట్టం ఇంకో చేత్తో పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళాను. భాయ్ వెనకాలే వచ్చాడు. "ఆరుకు ఆరు వచ్చేదాన్ని ఐదు సేసుకుంటాదంట మేడం ఈ పిల్ల," అన్నాడు. జరిగిందంతా చెప్పాను, పెన్సిల్ టిక్‌తో సహా.

డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. రెండు గొట్టాలనూ వెలుతురులో పెట్టి చూసింది. "సీసా ఒకటే. రసం ఒకటే. ఒకటి మబ్బు, ఒకటి తేట. వీటికి తేడా ఎక్కడొచ్చింది?"

రసం కాచిన రోజు చూశాం. కొలత చూశాం. గొట్టాల మూతలు చూశాం. తేడా లేదు. చివరికి ఆవిడ అడిగింది, "ఈ స్టాండును కిటికీ దగ్గర నుంచి ఎవరైనా కదిలిస్తారా?"

"ఎవురూ కదిలించరు," అన్నాం నేను, భాయ్ ఒకేసారి.

గుమ్మంలో గాజు సామాను బుట్టతో నిలబడిన ఆయమ్మ, "నేనే కదా దినామూ లోపల పెడతాండేది," అంది.

ముగ్గురం తిరిగి చూశాం.

"ఈ సలికి ఇంట్లో పెరుగే తోడుకోదు. కుండకు దుప్పటి కప్పి పెడితే గానీ పేరుకోదు. ఇంగ మీ గొట్టాలు ఆ కిటికీ గాలికి యాడ తోడుకుంటాయమ్మా? పాపమని, మీరు పోయినాక సాయంత్రం ఆ వెచ్చని పెట్టెలో పెడతా. పొద్దున మీరు వచ్చేలోపల తీసి ఎప్పట్లాగే కిటికీకాడ పెట్టేస్తా."

"ఎన్నాళ్ళ నుంచి?" అంది డాక్టరమ్మ.

"దీపావళి పోయి సలి పడినప్పుటి నుంచి."

"మరి భాయ్ గొట్టాలు?"

"అవీ పెట్టేదాన్నే. ఆయప్ప బీరువాకు బీగం ఏసుకుంటాడు కదా."

భాయ్ కుర్చీలో కూలబడ్డాడు. వేడి గిట్టని జాతిని పట్టుకోవడానికి పెట్టిన గొట్టాలన్నీ రాత్రంతా వేడిలో ఉంటున్నాయి. బయటికి తెచ్చే వేళకు అందులో పెరిగేందుకు ఏమీ మిగలడం లేదు. ఆయమ్మ మా రోగుల మీద దయతో చేసిన పనికి మా పరీక్షకు ఒక కన్ను పోయింది. ఆయన బీగం వేసుకున్న కన్ను మాత్రం బాగుంది.

"నువ్వు పెన్సిల్‌తో పెట్టిన టిక్ తుడిచెయ్," అంది డాక్టరమ్మ నాతో. "వాళ్ళు అడిగింది మన రోగుల బాటిల్ ఎక్కడ పరీక్ష అవుతుందో అక్కడి జవాబు. అది తప్పైతే తప్పే వెళ్ళనీ. కారణం వేరే కాగితం మీద రాద్దాం."

తుడిచాను. క్లియర్ అని పెన్నుతో రాశాను. తప్పని తెలిసి అంత శ్రద్ధగా రాసిన మాట నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

ఫ్రిజ్‌లో ఉన్న బాటిళ్ళన్నిటికీ "ఆపాలి" అని చీటీలు కట్టాం. మళ్ళీ గొట్టాలు పెట్టి, ఈసారి ఇంక్యుబేటర్‌కే బీగం వేశాం. మా బాటిళ్ళేమైనా మిగిలి ఉంటే వాడొద్దని డాక్టరమ్మ కుప్పానికీ, పుంగనూరుకూ ట్రంకాల్ చేసింది. దీపావళి తర్వాత మా బాటిళ్ళు ఎక్కించిన వాళ్ళలో ఎవరికైనా చలిజ్వరం వచ్చిందేమో చెప్పమని కుప్పానికీ, పుంగనూరుకూ ఉత్తరాలు రాసింది.

అయితే బయట గోడకు ఆనుకున్న మనిషికి ఇవేవీ పనికిరావు. ఆయనకు రెండు బాటిళ్ళు కావాలి.

"అప్పటికప్పుడు తీసిన రక్తమైతే బ్యాక్టీరియా పెరిగే వ్యవధి ఉండదు. ఎల్లుండికి భయం లేదు," అంది డాక్టరమ్మ. "బి గ్రూపు ఎవరు?"

భాయ్ లేచి చొక్కా చేయి మడిచాడు. "నా బీరువాలోది పనికిరాదంటిరి. నా ఒంట్లోదన్నా పనికొస్తాదా మేడం?"

ఆవిడ మొదటిసారి నవ్వింది.

రెండోది ఆ భర్తదే. చూస్తే ఆయనదీ బి గ్రూపే. ఆ మాట చెప్పేసరికి ఆయన ఐస్ పెట్టె గట్టిగా పట్టుకున్నాడు.

"నా రగతమా? బాటిల్లో రెడీగా ఉండేది ఇమ్మంటే నన్ను పిండుతామంటారే. నేనే సన్నగుండాను కదమ్మా."

పడుకుని ఉన్న భాయ్ తల తిప్పి, "ఏమప్పా, బాటిలు మోసుకొని పోయేదానికి ఇంత దూరం వస్తివి. అందులో పోసేదానికి పది నిమిషాలు పడుకోలేవా?" అన్నాడు.

"పడుకుంటే లేస్తానో లేదో."

"ఆడోళ్ళం నెలనెలా పోగొట్టుకుంటాండాం, లేసి నీళ్ళు మోస్తాండాం," అంది ఆయమ్మ సీసాలు సర్దుతూ. "ఈ అయ్యకు ఒక్క పొద్దుకే ప్రాణం పోతాదంట."

ఆయన వచ్చి పడుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, సూది గుచ్చకముందే అమ్మా అన్నాడు. అయిపోయాక ఆయమ్మ ఇడ్లీలు, టీ తెప్పించి దగ్గర కూర్చుని తినిపించింది. రెండు బాటిళ్ళనూ అతని భార్య రక్తంతో సరిచూసి, ఐస్‌లో సర్ది ఇచ్చాను. ఒంటిగంట బస్సు ఎప్పుడో పోయింది. మూడు గంటల బస్సుకు భాయే ఆయన్ని తీసుకెళ్ళి కండక్టరుకు అప్పజెప్పి వచ్చాడు.

పుంగనూరు, కుప్పం నుంచి జవాబులు వచ్చేదాకా పదిరోజులు నాకు అన్నం సయించలేదు. ఎవరికీ ఏమీ కాలేదని రాశారు. దాన్ని అదృష్టం అనే అంటాను. మా పని గొప్పతనం అనను.

మార్కులు వచ్చాయి. ఆరుకు ఐదు. ఆస్పత్రి పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. డాక్టరమ్మ పెరుగు కుండ, దుప్పటి సంగతితో సహా రాసి పంపింది. నా ఆర్డరు మూడు నెలలు ఆలస్యమైంది గానీ వచ్చింది. తర్వాత నుంచి చెక్కపెట్టె వస్తే డాక్టరమ్మే విప్పి, ఆ సీసాలకు మా రోజువారీ నంబర్లు వేసి రోగుల వాటిలో కలిపేది. ఏది చుట్టమో, ఏది ఇంటిదో మాకే తెలిసేది కాదు. భాయ్ కొన్నాళ్ళు అలిగాడు. తర్వాత అన్నిటికీ ఫ్యాను ఆపించడం మొదలుపెట్టాడు.

ఆయమ్మకు ఆ చల్లటి గొట్టం ఎందుకో నేనే కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, "ఈ మాట ముందే సెప్పింటే సరిపోయేది కదా. బయట పెట్టమన్నారు గానీ యాల పెట్టాలో ఎవురూ సెప్పలే," అంది. అమ్మాయిలూ, మీకు కొత్త మిషన్లు వస్తాయి, మంచివి వస్తాయి. మీ గది ఊడ్చే మనిషికి కూడా ఎందుకో చెప్పండి. నా ఆరేళ్ళలో నేర్చుకున్నదానిలో సగం ఇదే.

మూడు వారాల తర్వాత ఆ గుడుపల్లె మనిషి మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈసారి చేతిలో చిక్కుడుకాయల సంచి. భార్యకు ఆపరేషన్ బాగా జరిగిందని, లేచి తిరుగుతోందని, తన రక్తం ఎక్కినప్పటి నుంచి తన మాదిరే గొణుగుతోందని చెప్పాడు. సంచి లోపలికి అందించి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"ఒక మాటమ్మా. ఆ పొద్దు ఇయ్యనంటివే రెండు బాటిళ్ళు, అవి సెడిపోయిండాయా?"

నేను రిజిస్టరు చూడనక్కర్లేదు. కొత్తగా పెట్టిన గొట్టాలు ఏడు రోజులూ తేటగానే ఉన్నాయి. "లేదప్పా. రెండూ మంచివే."

"మంచివేనా?" అతను మోచేతి మడత తడుముకున్నాడు. "అయితే ఆ పొద్దే ఇచ్చిండొచ్చు కదా."

"ఆ పొద్దు నాకు తెలీదు."

కోపం వస్తుందేమో అనుకున్నాను.

"తెలీనప్పుడు తెలీదనే డాక్టర్ని నేను ఇంతవరకు సూడలేదమ్మా," అన్నాడు.

నేను డాక్టర్ని కాదని చెప్పేలోపే, వెనకాల నిలబడిన, పుంగనూరు నుంచి వచ్చిన ఒకావిడ అతన్ని పక్కకు జరిపి తన చీటీ ముందుకు తోసింది.